లెక్క చెప్పే ముందు లెక్కపెట్టనివ్వండి

పదో తరగతి గణితంలో సాంఖ్యక శాస్త్రానికి మార్కులు తెచ్చిపెట్టే పాఠమని పేరు. పట్టిక ఇస్తారు, సూత్రం చెబుతారు. సగటు, మధ్యగతం, బాహుళకం కట్టి, ఓజీవ్ వక్రం గీస్తే సరిపోతుంది. ఆ పట్టికలోని అంకెలను ఎవరు సేకరించారు, ఎవరిని అడిగారు, ఎవరిని వదిలేశారు అని పరీక్షలో ఎవరూ అడగరు. ఈ శాస్త్రంలోని అసలు కష్టం, అసలు తెలివి ఉన్నది మాత్రం అక్కడే. అందుకే ఈ పాఠం అచ్చయిన పట్టికతో కాకుండా, పిల్లలు తమ ఊళ్లో తామే సేకరించిన సమాచారంతో మొదలుకావాలి. రంగారెడ్డి జిల్లా యాచారం లాంటి మండలంలో ఈ పని బడికెంత అవసరమో ఊరికీ అంతే అవసరం.

యాచారం నాగార్జునసాగర్ రోడ్డు మీది మండలం. ఇక్కడి సేద్యం బోర్లను నమ్ముకున్నది. ఫార్మాసిటీ కోసం భూములు సేకరించిన మేడిపల్లి, నానక్‌నగర్, తాటిపర్తి, కుర్మిద్ద గ్రామాలు ఈ మండలంలోనివే. 2025లో ఏడు మండలాల్లోని 56 గ్రామాలతో ఏర్పాటైన ఫ్యూచర్ సిటీ అభివృద్ధి సంస్థ పరిధిలోకీ యాచారం గ్రామాలు వచ్చాయి. ఎకరాకు పరిహారం ఎంత, నష్టపోయే కుటుంబాలు ఎన్ని, వచ్చే కొలువులు ఎన్ని అన్న వాదనలన్నీ అంకెల మీదే నడుస్తాయి. ఆ అంకె ఎలా పుట్టిందో అడగగలిగే యువత ఊళ్లో లేకపోతే, ఎవరు ఏ లెక్క చెబితే అదే చెల్లుతుంది.

ఇలాంటి పని పెద్ద చదువులు లేనివారూ చేయగలరని పక్క జిల్లాలు ఎప్పుడో చూపించాయి. 2000 దశకంలో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో రైతులే భూగర్భజలాలను లెక్కించుకునే ప్రాజెక్టు నడిచింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఆ ఏడింటిలో ఉన్నాయి. రైతులు వర్షమాపకంతో వాన కొలిచారు. ఎంచుకున్న బోర్లలో నీటిమట్టాన్ని క్రమం తప్పకుండా నమోదు చేశారు. యాసంగికి ముందు అంతా కూర్చుని, నేలలో ఉన్న నీళ్లెన్ని, అనుకున్న పంటలకు కావలసినవెన్ని అని నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఏ పంట వేయాలో వారిని ఎవరూ శాసించలేదు. తాము కొలిచిన అంకె కావడంతో వారికి దానిపై నమ్మకం కుదిరింది. చాలామంది ఆ లెక్క చూసి పంట మార్చుకున్నారు. పెద్దలు పొలంలో చేసిన ఈ పనిని పిల్లలు బడి నుంచి చేయలేకపోరు.

ఒక తరగతి విద్యార్థులు ఊళ్లోకి వెళ్లి ‘మీ బోరు ఎంత లోతు?’ అని అడిగారనుకుందాం. ఐదుగురు రైతులు 250, 280, 300, 320, 850 అడుగులని చెప్పారనుకోండి. సగటు 400 అడుగులు. కానీ ఐదింటిలో నాలుగు బోర్లు 320 అడుగుల లోపే ఉన్నాయి. మధ్యగతం 300. ఒక్క లోతైన బోరు సగటును ఎలా పైకి లాగిందో బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా పట్టుబడనిది, ఆ 850 అడుగుల బోరు ఎవరిదో తెలిసిన పిల్లవాడికి ఒక్కసారికే అర్థమవుతుంది.

అసలు పాఠం ఆ తర్వాత మొదలవుతుంది. ఒక రైతు నాలుగు బోర్లు వేస్తే మూడు ఎండిపోయాయనుకోండి. ఎండినవాటిని లెక్కలో వేయాలా, వద్దా? నీళ్లు పోస్తున్న బోర్లనే లెక్కిస్తే ఊళ్లో బోరు వేయడం లాభసాటిగా కనిపిస్తుంది. ఫెయిలైనవాటినీ కలిపితే అప్పుల అసలు కారణం బయటపడుతుంది. అడుగులంటే బోరు వేసిన లోతా, మోటారు దించిన లోతా? ఇరవై ఏళ్ల కింద వేసిన బోరు లోతును రైతు జ్ఞాపకం మీద చెబితే ఎంతవరకు నమ్మాలి? ఈ ప్రశ్నలకు సూత్రాలు లేవు. తరగతి కూర్చుని వాదించుకుని, ఒక నిర్వచనం రాసుకుని, అందరూ దానికే కట్టుబడాలి. సర్వేలు చేసే పెద్ద సంస్థలు చేసేదీ ఇదే.

నమూనా తీయడమూ అంతే. బస్టాండు చుట్టూ ఉన్న ఇళ్లను అడిగి వస్తే తండా లెక్కలోకి రాదు. ఇళ్ల నంబర్లు చీటీలపై రాసి, కలిపి, తీసినప్పుడే ప్రతి ఇంటికీ సమాన అవకాశం దక్కుతుంది. పంట దిగుబడి అంచనాకు అధికారులు చేసే పంటకోత ప్రయోగం ఇదే సూత్రం మీద నడుస్తుంది. వరి అయితే చీటీ తీసినట్టే ఎంచుకున్న పొలంలో ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పున తాడు కట్టి, ఆ గడిలోని పంటను కోసి, నూర్చి, తూకం వేస్తారు. ఒక్క కోతనైనా పిల్లలు దగ్గరుండి చూస్తే, కొద్ది గడుల నుంచి మండలం దిగుబడి ఎలా చెబుతారో తెలుస్తుంది. మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడాకు ఈ మండలంలోని గున్‌గల్‌లోనే పరిశోధన క్షేత్రం ఉంది. కొలతల మీదే బతికే శాస్త్రవేత్తలు ఇంత దగ్గర్లో ఉండటం బడులకు పెద్ద అవకాశం.

సిద్ధాంతం కొలతను వదిలి ఉండదని పెద్ద గణాంకవేత్తల జీవితాలూ చెబుతాయి. ప్రపంచ ప్రసిద్ధి పొందిన మన గణాంకవేత్త సి.ఆర్.రావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరారు. 1946లో కేంబ్రిడ్జికి వెళ్లింది సూడాన్ తవ్వకాల్లో దొరికిన పురాతన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించడానికి. ఆయన సిద్ధాంతం ఎంత ఎత్తుకు ఎదిగినా దాని పక్కన కొలతలు ఎప్పుడూ ఉన్నాయి. బోధనలోనూ ఈ దారి కొత్తది కాదు. అమెరికన్ గణాంక సంఘం 2005లో ఆమోదించిన బోధన మార్గదర్శకాలు నిజమైన సమాచారంతో పాఠం చెప్పాలని కోరాయి. బ్రిటన్‌లో 2000లో మొదలైన ‘సెన్సస్ ఎట్ స్కూల్’ కార్యక్రమం పిల్లల చేతే పిల్లల వివరాలు సేకరింపజేసింది.

అభ్యంతరాలూ ఉన్నాయి. సిలబస్ పూర్తికాదంటారు. ప్రాజెక్టు పని ఇప్పటికే మూల్యాంకనంలో భాగం. గైడు చూసి రాసే ప్రాజెక్టుల స్థానంలో ఏడాదికి ఒక్క నిజమైన ప్రాజెక్టు పెడితే కొత్తగా సమయం వెతకనక్కర్లేదు. పిల్లలు ఇంట్లో కూర్చుని కాకిలెక్కలు రాస్తారన్నది న్యాయమైన భయమే. ఒక జట్టు అడిగిన ఇళ్లలో కొన్నింటిని మరో జట్టు మళ్లీ అడగాలి. తేడా వస్తే అదీ పాఠమే. మార్కులు జవాబుకు కాదు, సేకరించిన పద్ధతికి వేయాలి. ఇక కులం, అప్పు, ఆదాయం జోలికి పిల్లలు వెళ్లకూడదు. పేర్లు రాయకూడదు. చెప్పడం ఇష్టంలేని ఇంటిని వదిలేయాలి.

ఉపాధ్యాయులకు అనుభవం లేదనడానికీ వీల్లేదు. 2014 ఆగస్టు 19 సమగ్ర కుటుంబ సర్వేలో, 2024 నవంబరులో మొదలైన ఇంటింటి సర్వేలో గడప గడపకూ తిరిగినవారిలో వారున్నారు. ఏ ప్రశ్నకు జనం జంకుతారో, ఏ ఇల్లు తాళం వేసి ఉంటుందో వారికి తెలుసు. ఆ అనుభవం ఇంతవరకు గణితం తరగతిలోకి రాలేదు.

దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. జూన్‌లో బడులు తెరిచే నాటికి యాచారం మండలంలోని ప్రతి ఉన్నత పాఠశాలకూ జిల్లా విద్యాశాఖ ఒక వర్షమాపకం, ఒక రిజిస్టరు ఇవ్వాలి. వానాకాలమంతా తొమ్మిదో తరగతి పిల్లలు వాన కొలవాలి, ఊరి బోర్ల వివరాలు సేకరించాలి. ఆ ఫలితాలను గ్రామసభలో వారే చదివి వినిపించాలి. పాఠ్యపుస్తకం మారేదాకా ఆగనక్కర్లేదు. ప్రధానోపాధ్యాయులు, సర్పంచులు అనుకుంటే ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు, పెట్టాలి.