సి-బుక్కులో ఒక్క అంకె తప్పితే లారీ ఎవరిది?

ఇరవై ఏళ్లు దాటిన భారీ లారీకి ఫిట్‌నెస్ పరీక్ష రుసుమును కేంద్ర ప్రభుత్వం 2025 నవంబరులో 25 వేల రూపాయలకు పెంచింది. ఈ భారం న్యాయమా కాదా అన్న చర్చ ఎలా ఉన్నా, పాత లారీయే జీవనాధారమైన సరిహద్దు కుటుంబాలకు అంతకంటె ముందు తేలవలసిన సంగతి ఒకటున్నది. రుసుము కట్టి బండిని పరీక్షకు నిలిపిన నాడు, ఛాసిస్ ఇనుముపై ఉన్న నంబరు ఒకటి, ఆర్.సి.లో ఉన్న నంబరు మరొకటి అయితే బ్రేక్ ఇనస్పెక్టరు ఎఫ్.సి.పై సంతకం చేయడు. ఎఫ్.సి. లేని బండికి రోడ్డు లేదు. ప్రమాదం జరిగితే బీమా సంస్థ అభ్యంతరం చెబుతుంది. అమ్మబోతే కొనేవాడు వెనుకాడతాడు. తండ్రి కష్టార్జితమైన బండి కొడుకు చేతిలో దొంగబండిగా అనుమానం పాలవుతుంది.

ఇటువంటి తప్పులు ఎక్కడైనా ఉండవచ్చును గాని, సరిహద్దున వాటి చిక్కు రెట్టింపు. హోసూరులో రిజిస్టరైన లారీ కుప్పంలో తిరుగుతుంది. బళ్లారి లారీ రాయదుర్గంలో ఉంటుంది. రాయగడ లారీ పార్వతీపురం వారి చేతికి వస్తుంది. ఒక ఆఫీసులో గుమాస్తా ఇంటిపేరును ముందు వ్రాస్తే, ఇంకొక చోట చివర వ్రాస్తాడు. తమిళనాట తండ్రి పేరు మొదటి అక్షరమే ఇంటిపేరు స్థానాన్ని ఆక్రమిస్తుంది. కాగితపు రిజిస్టర్లలోని ఆ వ్రాతలనే తరువాతి కాలంలో కంప్యూటరులోకి ఎక్కించారు. మాసిన సిరాలో 8 ఏదో బి ఏదో తెలియక ఎక్కించిన అక్షరమే నేడు అధికారిక సత్యమై కూర్చున్నది.

కనుక ముందుగా ఇనుమును చదవాలి. పాత లారీలలో ఛాసిస్ నంబరు సాధారణంగా కుడివైపు ముందు చక్రం దగ్గర ఛాసిస్ ఇనుముపై గుద్ది ఉంటుంది. మట్టిని, గ్రీజును కిరసనాయిలు గుడ్డతో మెల్లగా తుడవాలి. గ్రైండరు, ఉలి, గీకుడు బ్రష్షు దగ్గరకు రానీయరాదు. అంకె స్పష్టంగా కనబడాలని గీకినవాడు అంకెను దిద్దినవాడిగా కనబడతాడు. పలుచని కాగితం పరచి పెన్సిలుతో రుద్ది, ఆర్.టి.ఓ. ఆఫీసుల్లో అడిగే పెన్సిల్ ప్రింటును ఇంటివద్దనే తీసి, సి-బుక్కు పక్కన పెట్టి ఒక్కొక్క అక్షరం సరిపోల్చుకోవాలి.

ఇటీవలి బండ్ల నంబరు 17 అక్షరాలది. మొదటి మూడు తయారీదారుని చెబుతాయి: ఎం.ఎ.టి. అంటే టాటా, ఎం.బి.1 అంటే అశోక్ లేలాండ్. పదవ స్థానం సాధారణంగా సంవత్సరానిది: వై అంటే 2000, ఆపై 1 నుంచి 9 వరకు 2001 నుంచి 2009, ఎ అంటే 2010. ఈ పద్ధతిలో ఐ, ఓ, క్యూ అక్షరాలను అసలు వాడరు. కాబట్టి 17 అక్షరాల నంబరులో ఓ అని అచ్చయి ఉంటే అది సున్న అయి తీరాలి; ఐ అని ఉంటే ఒకటి. ఈ ఒక్క సూత్రంతో ఎన్నో తప్పులు ఇంట్లోనే బయటపడతాయి.

అంతకుముందరి లారీలకు ఈ కొలత పనికిరాదు. ఆనాడు ఏ కంపెనీ పద్ధతి దానిది, నంబరు పొడవూ తక్కువే. పాత టాటాలలో ముందు మోడల్ అంకెలు, నడుమ అక్షరాలు, చివర వరుస సంఖ్య ఉంటాయి. 17కు సరిపెట్టాలని ముందు సున్నలు చేర్చడం కొత్త తప్పును సృష్టించడమే. మోడల్ పేరు కూడా ఒక సాక్ష్యం. 1210 అంటే ఇంచుమించు 12 టన్నుల మొత్తం బరువు, వంద గుర్రాల శక్తి. 1612 అంటే 16 టన్నులు, 120. ఆర్.సి.లోని బరువు దీనికి మరీ దూరంగా ఉంటే ఎక్కడో పొరబాటు దొర్లిందన్నమాట. డైమ్లర్-బెంజ్‌తో టాటా వారి ఒప్పందం 1954లో మొదలై 1969లో ముగిసింది. ఆ తరువాతి లారీకి సి-బుక్కులో బెంజ్ అని ఉంటే అది జనం నోటి అలవాటు కాగితం మీదికి ఎక్కినదే కావచ్చు. మనవారు నేటికీ దానిని బెంజి లారీ అనే పిలుస్తారు కదా!

ఇంజన్ నంబరు తేడా వేరు సంగతి. అది వ్రాతతప్పు కాక నిజంగానే ఇంజన్ మార్చినందువల్ల వచ్చి ఉండవచ్చు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఇంజన్ మార్చిన 14 రోజులలో రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి. షెడ్డులో మార్పించి బిల్లు పారవేసినవారికి ఇక్కడే కష్టం. పాత ఇంజన్ కొన్న రశీదు దొరికితే ప్రాణంలా దాచుకోవాలి.

ఇక అసలు విషయం, ఏ ఆఫీసులో దిద్దించాలి? బండి ఇప్పుడున్న రాష్ట్రంలో కాదు, తప్పు వ్రాసిన ఆఫీసులో. ఒక రాష్ట్రపు బండిని వేరొక రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే 47వ సెక్షను ప్రకారం కొత్త నంబరు తీసుకోవాలి; అందుకు 48వ సెక్షను కింద, 28వ ఫారంపై ఎన్.ఓ.సి. కావాలి. ఎన్.ఓ.సి. ఇచ్చేముందు బండిపై దొంగతనం కేసు లేదని పోలీసుల నివేదిక తెప్పించుకుంటారు. ఆ విచారణ జరిగేది ఆర్.సి.లో ఉన్న నంబరుపైనే. నంబరే తప్పయితే విచారణ మన బండిది కానే కాదు. తప్పుతోనే ఎన్.ఓ.సి. తెచ్చుకుంటే కొత్త ఆఫీసువారు ఆ తప్పునే తమ రికార్డులోకి ఎత్తి వ్రాసుకుంటారు. అప్పుడు పాత ఆఫీసు "బండి మా వద్ద లేదు" అంటుంది, కొత్త ఆఫీసు "మాకు వచ్చిన కాగితం ఇదే" అంటుంది. ముందు సవరణ, తరువాత ఎన్.ఓ.సి., ఆపైన కొత్త నంబరు. ఈ వరుస తప్పించి "అన్నీ ఒకేసారి అయిపోతాయి" అనే బ్రోకరు మాట నమ్మదగినది కాదు.

సవరణ కోరేటప్పుడు మొదట ఆ ఆఫీసులోని బి-ఎక్స్‌ట్రాక్టు, అంటే మూల రిజిస్టరు నకలు, అడగాలి. రిజిస్టరులో సరిగా ఉండి కంప్యూటరులో తప్పుంటే పని సులభం. రిజిస్టరే తప్పయితే కంపెనీ అమ్మకపు పత్రం, పాత బీమా పాలసీలు, పర్మిట్లు, ఫైనాన్సు కాగితాలు చూపాలి. ఇనస్పెక్టరు బండిని స్వయంగా చూసి నివేదిక ఇవ్వాలి. ఛాసిస్ నంబరు తుప్పుకు తినిపోయి ఉంటే అధికారి అనుమతి పత్రం చేతికి రాకుండా మళ్లీ పంచ్ చేయించరాదు. మంచి ఉద్దేశంతో చేసినా అది నేరపు పనిగానే కనిపిస్తుంది.

కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు ప్రభుత్వ సిబ్బంది చేసిన తప్పుకు యజమాని రుసుము కట్టి, పక్క రాష్ట్రానికి పదిసార్లు తిరగవలసి రావడం ఏమి న్యాయం? ఇనస్పెక్టరు పరిశీలనను బండి ఉన్న చోటనే జరిపి, నివేదికను మూల ఆఫీసుకు పంపే ఏర్పాటు పొరుగు రాష్ట్రాల రవాణా శాఖలు చేసుకోవడానికి అడ్డేమీ ఉండరాదు. పాత లారీలను తుక్కుకు పంపడంలో చూపుతున్న శ్రద్ధలో కొంతైనా వాటి కాగితాలు దిద్దడంలో చూపవలసి ఉన్నది. తుక్కుకు అమ్మాలన్నా కాగితం సరిగా ఉండవలసినదే.

"యాభై ఏళ్ల బండి కదా, వింటేజి కింద నమోదు చేయించుకోవచ్చు" అని కొందరు చెబుతున్నారు. 2021లో వచ్చిన ఆ నియమాలు ద్విచక్ర వాహనాలకు, కార్లకు ఉద్దేశించినవి. సరుకు లారీకి కాదు. పైగా ఆ నమోదుతో బండిని బాడుగకు తిప్పరాదు.

యజమాని కాలం చేసిన ఇళ్లలో ఆలస్యం అసలు పనికిరాదు. మరణించిన 30 రోజులలో వారసులు రిజిస్టరింగ్ ఆఫీసుకు తెలియజేయాలి. మూడు నెలల లోపు 31వ ఫారంలో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. మరణ ధ్రువపత్రంలో ఒక పేరు, ఆర్.సి.లో ఒక పేరు, వారసత్వ పత్రంలో మరొక పేరు ఉంటే ఆ మూడు నెలలూ పేర్లు కలపడానికే చెల్లిపోతాయి. కనుక పేరు తేడాను, అంకె తేడాను యజమాని ఉండగానే, ఆయన సంతకంతోనే సరిచేయించుకోవాలి.