ముద్దాయి ప్రాణానికి పూచీ ఎవరిది?

ఉర్దూలో ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు. ఆ మాట మన కోర్టు గడప దాటేసరికి తలకిందులై, అభియోగం మోస్తున్నవాడు ‘ముద్దాయి’ అయినాడు. అర్థవిపరిణామం గురించి పాఠం చెప్పేవారికి ఇది మంచి ఉదాహరణ. అయితే మన మనసుల్లో జరిగే తలకిందులు మరొకటి ఉన్నది: ముద్దాయి అనగానే దోషి అనుకోవడం. అది ఎంత దూరం పోగలదో కరోనా కాలంలో వరవరరావుగారి జామీను వ్యవహారంలో చూశాము.

ముందుగానే చెబుతున్నాను, ఆయన రాజకీయాలతో నాకు ఏకీభావం లేదు. ఆయనా తెలుగు పాఠం చెప్పినవారే అన్న అభిమానంతో వ్రాస్తున్నదీ కాదు.

భీమా కోరేగావ్ కేసులో 2018 ఆగస్టు 28న ఆయనను హైదరాబాదులో అరెస్టు చేశారు. తరువాత నవీ ముంబైలోని తలోజా జైలులో ఉంచారు. 2020 మార్చి 23న సుప్రీంకోర్టు, జైళ్ళలో రద్దీ తగ్గించేందుకు ప్రతి రాష్ట్రంలోనూ ఒక ఉన్నతాధికార సంఘం వేయాలని ఆదేశించింది. ఏడేళ్ళు, అంతకు లోపు శిక్ష పడగల నేరాల విచారణ ఖైదీలను విడుదలకు పరిశీలించవచ్చునని ఉదాహరణగా చెప్పింది. ఉపా చట్టం కింద ఉన్నవారు ఆ గీతకు ఆవలివారు. గీత గీయక తప్పదు, ఒప్పుకుంటాను. కానీ అది నేర తీవ్రతను బట్టి గీసినదే గాని, ఎవరికి రోగం ప్రాణాంతకమో చూసి గీసినది కాదు. జూన్‌లో ప్రత్యేక న్యాయస్థానం జామీను నిరాకరించింది. జులై 16న, డెబ్బయితొమ్మిదేళ్ళ ఆ వృద్ధునికి కరోనా సోకినట్లు తేలింది.

జామీను ఇచ్చేటప్పుడు న్యాయమూర్తి సాధారణంగా చూసేవి మూడు: పారిపోతాడా, సాక్షులను బెదిరిస్తాడా, మళ్ళీ నేరం చేస్తాడా. మహమ్మారి వేళ నాలుగవది కూడా అడగాలి: విచారణ నాటికి ఈ మనిషి బ్రతికి ఉంటాడా? మొదటి మూడింటికి షరతులు పెట్టవచ్చు, పాస్‌పోర్టు తీసుకోవచ్చు, ఊరు దాటవద్దనవచ్చు. నాలుగవదానికి జైలులో ఏ షరతు పెట్టగలరు?

కరోనాను సాకుగా వాడుకుంటున్నారని ప్రాసిక్యూషన్ వాదన. సాకులు చెప్పేవారు ఉండరని నేననను. అందుకే వైద్యుల నివేదికలు ఉన్నవి. అలాంటివి చూసే 2021 ఫిబ్రవరి 22న బొంబాయి హైకోర్టు ఆరు నెలల జామీను ఇచ్చింది. అదే కేసులోని ఎనభైనాలుగేళ్ళ స్టాన్ స్వామిగారు, జామీను విచారణ సాగుతుండగానే, ఆ ఏడు జులై 5న ఆసుపత్రిలో కన్నుమూశారు.

‘బాధితుల మాటేమిటి?’ అని అడిగేవారికి మా పేటవాడిగా ఒక మాట. 1993 మార్చి 8న మా ఊరి బస్సును తగలబెడితే 23 మంది మరణించారు. నేరమంటే ఏమిటో మాకు ఒకరు చెప్పనక్కరలేదు. అయినా ఆ నిందితులకు కూడా విచారణ జరిపి, తీర్పు చెప్పిన తరువాతనే శిక్ష వేశారు. విచారణే మొదలుకాని మనిషి జైలులో పోతే బాధితులకు దక్కేది తీర్పు లేని కేసు.

మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన గుడికంటి నరసింహులు కేసులో, హైకోర్టు శిక్ష వేసి అప్పీలు నడుస్తున్నవారికే 1977లో జస్టిస్ కృష్ణయ్యర్ జామీను ఇచ్చారు. విచారణ ఖైదీకి అంతకన్నా తక్కువ హక్కు ఎట్లా ఉంటుందో నాకు బోధపడదు.

2022 ఆగస్టు 10న సుప్రీంకోర్టు ఆరోగ్య కారణాలపై వరవరరావుగారి జామీనుకు గడువు తొలగించింది. అరెస్టయి నాలుగేళ్ళు కావస్తున్నా, అప్పటికి ఆయనపై అభియోగాల నమోదైనా జరగలేదు.