లుంగీ కింద మర్జ్ దాచుకోవడం హయా కాదు



ఇది చదివి కొందరు బుజుర్గులకు కోపం రావచ్చు. రానివ్వండి. మన ఇళ్ళలో షుగర్ గురించి మాట్లాడుకుంటాం, ఆఖరికి మొలల గురించీ మాట్లాడుకుంటాం. వరిబీజం మాట వస్తే మాత్రం పెద్దల నోళ్ళు మూతపడతాయి, కుర్రాళ్ళ నవ్వులు మొదలవుతాయి. ఈ రెండూ జుల్మే.

మండవల్లి, కైకలూరు, ఏలూరు... ఈ కొల్లేరు ఇలాకాకు ఫైలేరియా కొత్త కాదు. బోదకాలు పైకి కనిపిస్తుంది కాబట్టి అందరికీ తెలుసు. అదే పురుగు మగవాడి వృషణాల దగ్గరి నాళాల్లో కాపురం పెడితే వరిబీజం వస్తుంది. ప్రపంచంలో ఫైలేరియా వల్ల కాళ్ళూ చేతులూ వాచినవాళ్ళు కోటిన్నర మంది అయితే, వరిబీజం వచ్చిన మగవాళ్ళు రెండున్నర కోట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మరి మన మొహల్లాల్లో ఒక్కరూ కనిపించరేం? లుంగీ దాచేస్తోంది, భాయ్!

ఈ మర్జ్ ఏ గునాకూ సజా కాదు. చెడు తిరుగుళ్ళ వల్ల రాదు, బీవీ నుంచి అంటుకోదు. మురుగుకాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో పెరిగే క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే పురుగు వల్ల వస్తుంది. ఇందులో సిగ్గుపడాల్సినది మన వీధి మురుగు, ఆ మనిషి కాదు.

"హయా ఈమాన్‌లో భాగం కదా" అంటారు. అవును. సహీహ్ బుఖారీలో హజ్రత్ మూసా (అలైహిస్సలాం) వాకియా గుర్తు చేసుకోండి. ఆయన హయాతో ఒళ్ళు కప్పుకుని ఉండేవారు. బనీ ఇస్రాయీల్‌లో కొందరు ఆయనకు వృషణాల వాపు ఉందని, అందుకే దాచుకుంటున్నారని తుహ్మత్ వేశారు. అల్లాహ్ ఆయన్ని ఆ నింద నుంచి బరీ చేశాడు. మూసాను బాధపెట్టినవాళ్ళలా ఉండొద్దని సూరె అహ్‌జాబ్ 69వ ఆయత్‌లో మనకు హుకుం ఉంది. ఇప్పుడు చెప్పండి, మస్జిద్ మెట్ల మీద కూర్చుని ఒకరి నడక చూసి నవ్వేవాళ్ళు ఎవరి బాటలో ఉన్నారు? మూసా (అలైహిస్సలాం) దాచింది ఒళ్ళు, అదీ జనం నుంచి. డాక్టర్ నుంచి రోగాన్ని కాదు. ఇలాజ్ కోసం జరూరత్ మేరకు సత్ర్ చూపించడం జాయిజ్ అని ఉలమా చెబుతూనే ఉన్నారు.

ఈ ఖామోషీ వల్ల లాభపడేది ఎవరు? తావీజు కట్టేవాడు, సిరంజితో నీరు లాగేస్తానని చాటుగా పిలిచేవాడు. లాగిన నీరు మళ్ళీ చేరుతుంది, సూది వెంట చీము పట్టే ఖత్రా ఉంటుంది. అసలు ఇలాజ్ ఆపరేషన్. నీరు పట్టిన సంచిని కోసి తీస్తారు, లేదా తిరగేసి కుడతారు. వృషణాన్ని తీసేయరు. "మర్దానగీ పోతుంది" అన్నది అబద్ధం. సర్కారీ జిల్లా ఆస్పత్రిలో చేసే మామూలు ఆపరేషనే ఇది.

పైగా ప్రతి వాపూ వరిబీజం కాదు. అది గిలక కావచ్చు, గట్టి గడ్డ అయితే క్యాన్సర్ కావచ్చు. కుర్రాడికి ఉన్నట్టుండి భరించలేని నొప్పి వస్తే వృషణం మెలిపడి ఉండవచ్చు. అప్పుడు గంటల్లో ఆపరేషన్ జరగకపోతే అది చచ్చిపోతుంది. "షర్మ్ వేసి చెప్పలేదు" అన్న జవాబు అప్పుడు ఎవరికి పనికొస్తుంది?

ఫైలేరియా మాత్రల మీద కూడా కొందరికి షక్. నస్‌బందీ మాత్రలంటారు. తౌబా! డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలవి. రక్తంలో తిరిగే పిల్లపురుగుల్ని చంపి, దోమ ఇంకో ఇంటికి మోసుకుపోకుండా చేస్తాయి. గర్భిణులు, రెండేళ్ళలోపు పిల్లలు, జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ళు తప్ప అందరూ ఎదురుగానే మింగాలి. ముదిరిన వరిబీజం మాత్రం మాత్రలతో తగ్గదు. 2027కల్లా ఈ రోగాన్ని లేకుండా చేయాలని సర్కారు అంటోంది. మాత్ర జేబులో వేసుకుంటే అది ఎలా పోతుంది?

ఇమాం సాబ్‌లూ, వుజూ, గుస్ల్ మసాయిల్ సిగ్గుపడకుండా చెప్పే మీరు ఒక్క జుమాకు ఈ మాట చెప్పలేరా? బీటా, మీ అబ్బా సజ్దాకు వంగలేక కుర్చీ వెతుక్కుంటున్నారంటే మోకాళ్ళనే అనుకోకు. పక్కన కూర్చుని అడుగు. చెబితే, మర్నాడే ఆస్పత్రికి తీసుకెళ్ళు. ఆయన ఇజ్జత్ దాచడంలో లేదు, నయం చేయించడంలో ఉంది.