కీలెరిగి వాత

‘కీలెరిగి వాత పెట్టాలి’ అన్నారు పెద్దలు. ఇప్పుడు వాతల కాలం పోయి సూదుల కాలం వచ్చింది. రోగి మూలకణాలనే తీసి, అరిగిన మోకాలిలోకి ఎక్కించి, మృదులాస్థిని తిరిగి మొలిపిస్తామనే ప్రకటనలు మన చేతిలోని ఫోనులలోకే వస్తున్నాయి.

ఎముకల కొనలను కప్పి ఉండే నున్నని పొర మృదులాస్థి. దానికి రక్తనాళాలు లేవు. అందుచేత చర్మం మానినట్లు అది మానదు. చెడిన మృదులాస్థి తిరిగి బాగుపడదని విలియం హంటర్ 1743లోనే రాశాడు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందు సుశ్రుతుడు కీళ్లలోని శ్లేష్మాన్ని బండి ఇరుసుకు పూసే చమురుతో పోల్చాడు. మన పల్లెలలో దానినే కందెన అంటారు. ఇరుసే అరిగినప్పుడు కందెన ఏమి చేయగలదు?

ఈ ప్రశ్నకు 1994లో స్వీడన్ వైద్యులు ఒక సమాధానం చూపారు. మోకాలిలో బరువు పడని చోటి నుంచి మృదులాస్థి కణాలను తీసి, ప్రయోగశాలలో పెంచి, 23 మంది రోగులలో తిరిగి అమర్చారు. గాయంవల్ల ఏర్పడిన చిన్న గుంటలకు అది పనికివచ్చింది. మూలకణాల మార్గం వేరు. కటి ఎముకలోని మూలుగ నుంచో, పొట్ట కొవ్వు నుంచో కణాలను సేకరించి కీలులోకి ఎక్కిస్తారు. 2023లో అమెరికాలో నాలుగు వందలకు పైగా రోగులపై జరిపిన పరీక్షా ఫలితాలు వెలువడ్డాయి. ఏడాది గడిచాక చూస్తే, ఈ కణాలు మామూలు స్టెరాయిడ్ సూదికన్న మిన్న అని తేలలేదు. ‘మన కణమే కదా, హాని ఏముంది?’ అనడం తొందరపాటు. ఒంటి నుంచి వెలుపలికి వచ్చి మళ్లీ లోపలికి పోయే ప్రతి పదార్థంతోపాటు సూక్ష్మక్రిములు చేరే ప్రమాదం ఉంటుంది.

పశ్చిమ ప్రకాశంలో మరొక చిక్కు ఉంది. ఫ్లోరోసిస్ గురించి మనదేశంలో తొలి వైద్య నివేదికలు 1937లో వెలువడినది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. ఆ పల్లెలలో కొన్ని తరువాత ప్రకాశంలో చేరాయి. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు మించరాదు. మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే ఎముకలు మందమవుతాయి, కీళ్ల చుట్టూ ఉండే బంధనాలు గట్టిపడతాయి, వెన్ను వంగదు. అది మృదులాస్థి అరుగుదల కాదు. మోకాలికి వేసే ఏ కణాల సూదీ దానిని మాన్పదు. కీలు నొప్పి అరుగుదలదా, నీటిదా అని తేల్చకుండా రైతు చేత ఎకరం తాకట్టు పెట్టించడం వైద్యమెట్లా అవుతుంది? ఈ ప్రాంతపు మోకాళ్లకు ముందు కావలసినది మంచినీరని నా అభిప్రాయం. వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగినది 1996లో!

పరిశోధన వద్దని నేననను. రక్తవ్యాధులకు చేసే మూలుగ మార్పిడి వంటివి తప్ప తక్కిన మూలకణ చికిత్సలను అనుమతి పొందిన పరిశోధనలలోనే జరపాలని 2017 నాటి జాతీయ మార్గదర్శకాలు విధించాయి. తరువాత ఔషధ నియంత్రణాధికారి అనుమతి పొందిన ఉత్పత్తులు కొద్దిగా లేకపోలేదు. కనుక మీ ఇంటి పెద్దలు సూదికి బయలుదేరితే మీరు వైద్యుణ్ణి రెండు మాటలు అడగండి. ఇది అనుమతి పొందిన మందా, పరిశోధనా? పరిశోధనే అయితే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దాని నమోదు సంఖ్య ఎంత? పరిశోధనలో పాల్గొనే రోగి నుంచి ప్రయోగానికయ్యే ఖర్చు వసూలు చేయరాదు.