పాటతో పాటు పేరూ పంపండి

మంచి పాట వినగానే, మంచి ఫొటో చూడగానే నలుగురికీ చూపించాలనిపించడం గొప్ప గుణం. కానీ ఈ మధ్య నా ఫోనుకు వచ్చేవాటిలో చాలావాటికి ఊరూ పేరూ ఉండడం లేదు. నాట్లేస్తున్న ఆడవాళ్ల ఫొటో వస్తుంది. వాళ్లెవరో, ఏ జిల్లా వాళ్లో, ఫొటో తీసిందెవరో ఉండదు. 'పల్లె అందాలు' అని మాత్రం ఉంటుంది. దీన్ని పంచుకోవడం అనలేను.

పంచుకోవడమంటే ఏమిటో నాకు పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా అనే వెబ్‌సైటు చూశాక తెలిసింది. పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ 2014 డిసెంబరులో దాన్ని మొదలుపెట్టారు. పల్లె జనం పనిపాటలు, కళలు, కష్టాల కథనాలు అందులో తెలుగుతో సహా ఎన్నో భాషల్లో ఉచితంగా దొరుకుతాయి. 1993-2002 మధ్య పది రాష్ట్రాల్లో ఆయన తీసిన శ్రామిక మహిళల ఫొటోలూ ఉన్నాయి. వాటిలో మన విజయనగరం కూలీలూ కనిపిస్తారు.

నన్ను ఎక్కువగా కట్టిపడేసినవి మాత్రం అందులోని మరాఠీ తిరగలి పాటలు. పుణెకు చెందిన హేమా రాయిర్కర్, ఫ్రాన్సు నుంచి వచ్చి అక్కడే స్థిరపడిన గీ ప్వాత్‌వాన్ తమ బృందంతో మహారాష్ట్ర ఊళ్లు తిరిగి లక్షకు పైగా పాటలు సేకరించారు. తెల్లవారుజామున పిండి విసురుతూ ఆడవాళ్లు సీత గురించి, అత్తగారి గురించి, అన్నదమ్ముల గురించి, అంబేడ్కర్ గురించి పాడుకున్న పాటలవి. పిండిమరలు వచ్చాక విసరడం ఆగింది, పాడే సందర్భమూ పోయింది. ఆ సైటులో ఈ పాటల పక్కన పాడినామె పేరు, ఊరు, జిల్లా, చేసే పని రాసి ఉంటాయి. అలా రాసిపెట్టబట్టే, ఏళ్ల తర్వాత సైటు బృందం మళ్లీ ఆ ఊళ్లకు వెళ్లి కొందరు గాయనులను వెతికి పట్టుకోగలిగింది.

జానపదానికి కర్త ఎవరని కొందరు అడుగుతారు. కట్టినవాళ్లు తెలియకపోవచ్చు, పాడినవాళ్లు తెలుసు కదా! ఏ చరణం ఎత్తుకోవాలో, ఎక్కడ తన మాట కలపాలో నిర్ణయించేది పాడినామే. పేరుంటే ఆమెను సభకు పిలుస్తారు, పారితోషికం ఇస్తారు, ఇంకో పాట అడుగుతారు. పేరు పోతే ఆమెకు దక్కేది ఏమీ లేదు.

మన దగ్గరా బిరుదురాజు రామరాజు లాంటి పెద్దలు జానపద గేయాలను శ్రమపడి సేకరించారు. ఇప్పుడు రికార్డు చేసే పరికరం ప్రతి జేబులో ఉంది. నేను తెలుగు టీచర్ని. తొమ్మిదో తరగతి పిల్లలకు ఆ మరాఠీ పాటలు వినిపిస్తే, "మా నానమ్మకూ ఇట్లాంటివి వస్తయి టీచర్" అని ఒకమ్మాయి లేచింది. నానమ్మనడిగి, ఒప్పుకుంటేనే రికార్డు చేసి, ముందుగా ఆమె పేరు, పుట్టినూరు చెప్పించమన్నాను. అలాగే చేసుకొచ్చింది. క్లాసంతా ఆ పాటను ఆమె పేరుతోనే గుర్తుపెట్టుకుంది.

మీ ఇంట్లోనూ పాటలొచ్చిన పెద్దవాళ్లు ఉండే ఉంటారు. వాళ్లనడిగి రికార్డు చేయండి. పేరు, ఊరు, తేదీ జతచేసి పంపండి. పేరు లేని ఫొటోనో పాటనో మీకొస్తే, పంపినవాళ్లను "ఇది ఎవరిది?" అని అడగండి. జవాబు దొరికాకే ఇంకొకరికి పంపండి.