పది లక్షల కార్డు జరానికి చెల్లదు

2023 డిసెంబర్ 9న, గద్దెనెక్కిన మూడో రోజునే, తెలంగాణలో రేవంత్ రెడ్డి ప్రభుత్వం ఆరోగ్యశ్రీ ఉచిత వైద్యం పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచింది. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూర్ ఏజెన్సీలో ఆ పది లక్షలతో కొనగలిగింది ఏమిటి?

గాదిగూడ వైపు ఓ గూడెంలో కోలాం తెగ కూలీకి వానకాలంలో జరం వస్తుంది. వాగు తగ్గేదాకా ఆగాలి, లేదంటే నలుగురు మంచం మీద మోసుకురావాలి. రోడ్డెక్కాక ఆటో కిరాయి, రక్తపరీక్ష, సెలైన్, చీటీ మీద రాసిన గోలీలు. వెంట వచ్చినవాళ్ల కూలి కూడా పోయినట్టే. ఇదంతా రొక్కం. ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆస్పత్రిలో చేరినవాళ్ల పథకం. ఓపీ చీటీ దాని కంటికి ఆనదు. 2007లో మొదలుపెట్టినప్పుడే మలేరియాను, క్షయను జాతీయ కార్యక్రమాలు చూసుకుంటాయంటూ జాబితా బయట ఉంచారు. అడవి బిడ్డల్ని పీడించే జబ్బులు సరిగ్గా అవే!

పోనీ, గుండె ఆపరేషన్ కావాల్సినవాడికైనా భరోసా ఉందా? 2025 జనవరిలో ఒకసారి, సెప్టెంబర్‌లో మరోసారి ప్రైవేట్ ఆస్పత్రులు సేవలు నిలిపేశాయి. సెప్టెంబర్ నాటికి తమకు రావాల్సింది సుమారు 1,400 కోట్లని వాటి సంఘం చెప్పింది. పరిమితి పెంచడానికి ఒక జీవో చాలు, బిల్లు కట్టాలంటేనే ఖజానా తెరవాలి. సర్కారు మొదటిది చేసి చప్పట్లు కొట్టించుకుంది. మూడు వందల కిలోమీటర్లు దాటి హైదరాబాద్ చేరిన రోగికి కౌంటర్ దగ్గర దొరికింది ఆ రెండోది చేయకపోవడం ఫలితం.

గత సర్కారూ కడిగిన ముత్యమేమీ కాదు. 2021లో జిల్లాల్లో ఉచిత పరీక్షా కేంద్రాలు తెరిచింది, ఆలోచన మంచిదే. కానీ జరంతో వణికేవాడికి ఫలితం అదే రోజు చేతికి రాకపోతే అతను పక్కనున్న ప్రైవేటు ల్యాబుకే పోతాడు.

ఇక మందుల సంగతి. తమిళనాడు 1994లోనే మందుల కొనుగోలుకు ప్రత్యేక సంస్థ పెట్టుకుంది. ప్రతి దవాఖానాకు పాస్‌బుక్ ఇచ్చి, ఎన్ని మందులు తీసుకుందో అందులో రాయించింది. అలాంటి సంస్థ మనకూ ఉంది. ఉట్నూర్‌లో గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ కూడా ఉంది. పీహెచ్‌సీలో ఏ గోలీలు ఉన్నాయో, ఏవి అయిపోయాయో తలుపు మీద గోండీలోనూ తెలుగులోనూ రాసి పెట్టడానికి, జరం రోగికి రానుపోను కిరాయి ఇవ్వడానికి పది లక్షల పథకమేమీ అక్కర్లేదు. ఆరోగ్యమంత్రి వచ్చే వానకాలంలో ఒక్క పూట ఉట్నూర్‌లో మందుల దుకాణం ముందు నిలబడి, సర్కారు చీటీ పట్టుకుని ఎందరు వస్తున్నారో లెక్కపెట్టాలి.