అనుమానం ఆధారం కాదు

మన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా చేరింది 1923లో. భారతీయులు అమెరికా పౌరసత్వానికి అర్హులు కారని అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పిందీ ఆ ఏడే. 1946లో చట్టం మారేవరకు ఆ అడ్డు తొలగలేదు. పనిని చూడక పుట్టుకను చూసే ఆ బుద్ధి మాత్రం చట్టంతో పాటు మారలేదు.

తైవాన్‌లో పుట్టి అమెరికా పౌరుడైన వెన్ హో లీ లాస్ అలమోస్ అణు ప్రయోగశాలలో పనిచేశారు. చైనాకు రహస్యాలు చేరవేశారన్న అనుమానంతో మొదలైన వ్యవహారంలో 1999లో ఆయనపై 59 అభియోగాలు మోపారు. తొమ్మిది నెలలు ఏకాంత నిర్బంధంలో ఉంచారు. ఆయన ఒక్క అభియోగాన్ని అంగీకరించగా మిగిలిన 58 ఉపసంహరించారు. గూఢచర్యం రుజువు కాలేదు. ఆ నిర్బంధానికి న్యాయమూర్తి నిండు కోర్టులో క్షమాపణ చెప్పారు. చైనాలో పుట్టిన జలశాస్త్రవేత్త షెర్రీ చెన్‌ను 2014లో అరెస్టు చేసి, మరుసటి ఏడు అభియోగాలు ఎత్తివేశారు. అయినా ప్రభుత్వ వాతావరణ శాఖలో ఆమె ఉద్యోగం నిలవలేదు.

దూరదేశపు ముచ్చట అనుకోనక్కరలేదు. 1994 నాటి ఇస్రో గూఢచర్యం కేసు నిరాధారమని సీబీఐ తేల్చింది. 2018లో నంబి నారాయణన్‌కు 50 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. అదే కేసులో మూడేళ్లకు పైగా మన జైళ్లలో మగ్గిన ఇద్దరు మాల్దీవుల స్త్రీలకు ఆ తీర్పులో పరిహారం లేదు. వారిని తలచుకున్నవారే తక్కువ.

దేశ రహస్యాలను కాపాడవలసిందే. తప్పు చేసినవారిని, ఎక్కడ పుట్టినా, విచారించవలసిందే. అయితే ఫైలులో రాసే ప్రతి మాటకూ ఆధారం ఉండాలన్నది గుమాస్తాకు సైతం తెలిసిన నియమం. పేరు, పుట్టిన ఊరు, మాట్లాడే భాష ఆధారాలు కావు. మన రాజ్యాంగం 14, 21 అధికరణలలో సమానత్వాన్ని, జీవించే హక్కును పౌరులకే కాక ప్రతి వ్యక్తికీ ఇచ్చింది.

కనుక మేము కోరేది ఇది: ఆరోపణ రాతపూర్వకంగా ఉండాలి, జవాబు చెప్పుకొనే అవకాశం ఇవ్వాలి, నేరం రుజువు కాకముందే పేరును పత్రికలకు ఎక్కించరాదు, నిర్దోషికి ఉద్యోగం, జీతం, పరువు తిరిగి దక్కాలి.

ఉదయగిరిలో కర్రగరిటెలు చెక్కే ఇంటి బిడ్డ, ఆత్మకూరు బడిలో చదివే బిడ్డ రేపు శ్రీహరికోటకు వెళ్లవచ్చు, సముద్రాలు దాటనూ వచ్చు. అక్కడ వారి పనినే తూచాలని కోరే మనం, మన గడ్డకు వచ్చిన పరాయివారినీ అదే త్రాసులో తూచాలి. ఇన్సాఫ్ మనకొకటి, ఇతరులకొకటి కాదు.